మేం ఆరుగురం కలిశాం, ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. రెండోసారి ఎలా కలవాలి?

లెక్కలటీచర్:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాకు 43 ఏళ్ళు. 34 వచ్చినప్పటి నుంచి రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గుతూ వస్తోంది. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో, నా గీత ఎడమవైపు బాగానే మొదలై, కుడివైపుకు వెళ్ళేకొద్దీ కొండ దిగినట్టు దిగిపోతుంది. లావు శబ్దం (250 హెర్ట్జ్) 25 డెసిబెల్స్ ఉంటే చాలు వినిపిస్తుంది, సన్నటి శబ్దం (4000 హెర్ట్జ్) వినిపించాలంటే 70 కావాలి. అంటే గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. అచ్చులు చెవికి చేరతాయి. స, శ, త, క లాంటివి దారిలోనే రాలిపోతాయి. పిల్లల గొంతులు మరీ కష్టం. నా ఉద్యోగమే పిల్లలతో.

ఏడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఒకరోజు బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరగకుండానే జవాబు అడిగాను. ఒక పాప "మూడు" అంది. నాకు "ఏడు" అని వినిపించింది. తప్పన్నాను. ఆ పాప మళ్ళీ చెప్పింది. నేను మళ్ళీ తప్పన్నాను. మూడోసారి చెప్పలేదు, తల దించుకుని కూర్చుంది. పక్కనున్న అమ్మాయి లేచి వచ్చి సుద్దముక్కతో బోర్డు మీద 3 వేస్తే గానీ నాకు అర్థం కాలేదు. క్లాసు ముందే ఆ పాపకు సారీ చెప్పాను. అయినా ఆ ఏడాది అయిపోగానే క్లాసులు మానేసి, ప్రశ్నపత్రాలు తయారుచేసే పనికి మారిపోయాను. ఆ పని కాగితాలతోనే కదా, చెవులతో అవసరం లేదు.

హియరింగ్ ఎయిడ్స్ రెండు చెవులకూ పెట్టుకుంటాను. ఎదురుగా ఒక్కరే ఉంటే బాగానే నడుస్తుంది. నలుగురు చేరితే ఒకరి మాట పట్టుకునేలోపు ఇంకొకరు అందుకుంటారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎందుకో తెలియకుండా నవ్వడం ఎంత అలసటో, అది చేసినవాళ్ళకే తెలుస్తుంది. "ఏమన్నారు?" అని అడిగితే "ఏం లేదులే" అంటారు. తెలుగులో "మాట వినదు" అంటే రెండు అర్థాలు కదా: చెవికి చేరలేదని ఒకటి, లెక్కచేయలేదని ఒకటి. మా ఇంట్లో ఆ రెండూ ఎప్పుడో కలిసిపోయాయి. మా అత్తగారు నాలుగేళ్ళు నాకు పొగరనే అనుకున్నారు.

ఇక అసలు విషయం. రెండు నెలల క్రితం ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించే నిపుణులు) దగ్గర వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం, ముగ్గురం. లోపలి నుంచి పేరు పిలిచారు. ముగ్గురికీ ఏదో పిలుపు వచ్చిందని తెలిసింది, ఎవరి పేరో తెలియలేదు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పక్కనున్న పెద్దాయన "మీకూ అంతేనా?" అన్నారు. ఏళ్ళ తర్వాత మొదటిసారి, "మళ్ళీ చెప్పండి" అని సిగ్గుపడకుండా అన్నాను. ఆయన ఏమీ విసుక్కోకుండా ముఖం నా వైపు తిప్పి మళ్ళీ చెప్పారు. ఇంటికొచ్చాక కూడా ఆ ఒక్క క్షణమే గుర్తొస్తూ ఉంది.

ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకున్నాం. వాళ్ళకు తెలిసినవాళ్ళు ఇంకో ముగ్గురు కలిశారు. నెలకోసారి కలుద్దామనుకుని, ఒక ఆదివారం మా స్కూలు పెద్ద హాలు అడిగి తీసుకున్నాను.

అది ఎంత ఘోరంగా జరిగిందో చెప్పాలి. హాలు నిండా ప్రతిధ్వని. పైన ఫ్యాన్లు. నేను కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను, వెలుతురంతా నా వెనక. నా ముఖం నల్లగా నీడలా కనిపించిందట, పెదవులు చూడ్డానికి ఎవరికీ వీలు కాలేదు. ఆ పెద్దాయన 20 నిమిషాలు మాట్లాడారు. ఏం చెప్పారో నాకు తెలియదు. మిగతావాళ్ళకూ తెలియదని తర్వాత మెసేజ్‌లలో తెలిసింది. మేమంతా నవ్వుతూ తలలూపాం. 25 ఏళ్ళ కుర్రాడొకడు రెండు గంటలూ ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోయాడు. రాత్రి మెసేజ్ పెట్టాడు: "టీచర్ గారూ, ఇంట్లో ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉంది. ఇంక రాను."

మనవాళ్ళ దగ్గర కూడా మనం మనవాళ్ళం కాలేకపోతే ఇంకెక్కడికి వెళ్ళాలి?

ఇలాంటి కలయికలు నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. వినపడని వాళ్ళందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అసలు వీలయ్యే పనేనా? ఆ కుర్రాణ్ణి మళ్ళీ పిలవొచ్చా, వదిలేయాలా?


రాత్రిబండి:

మీ బాధ అర్థమైంది మేడం. కానీ నా అభిప్రాయం వేరు. మంచి మిషన్ పెట్టించుకుని సరిగ్గా సెట్ చేయించుకుంటే ఈ గుంపులతో పనేముంది? అందరూ ఒకచోట చేరి బాధలు చెప్పుకుంటే బాధ పెరుగుతుందే తప్ప తగ్గదు. నేను ఒకసారి వెళ్ళి, రెండోసారి మానేశాను.


పాతరేడియో:

టీచరమ్మా, వీలవుతుంది. నేను తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాను. మాదీ మొదటిసారి మీలాగే అయింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు రాత్రిబండి గారికి ఒక మాట. నేను రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. స్టేషన్ సరిగ్గా పట్టనప్పుడు వాల్యూమ్ పెంచితే ఏమవుతుంది? పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. మిషన్లు ఇప్పుడు చాలా తెలివైనవే, రొదను కొంత తగ్గిస్తాయి కూడా. కానీ లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు దెబ్బతింటే మళ్ళీ మొలవవు. మిషన్ శబ్దాన్ని చేరుస్తుంది. అవతలి కణాలు దాన్ని విడదీసి మెదడుకు అందించలేకపోతే మాట ముద్దగానే ఉంటుంది. మిషన్ కావాలి, నేను ముప్పై ఏళ్ళుగా పెట్టుకుంటున్నాను. దాంతో పాటు మనుషులూ కావాలి. బాధలు చెప్పుకోవడానికే కలిస్తే బరువెక్కుతుందన్న మీ మాట మాత్రం నిజం. మేం ప్రతిసారీ ఒక పని పెట్టుకుని కలుస్తాం: ఈసారి ఫోన్ మాట్లాడటం, వచ్చేసారి ఆఫీసు మీటింగు, ఇంకోసారి చెవిలో హోరు. బాధ దానంతటదే వస్తుంది, వచ్చినప్పుడు చోటిస్తాం.

ఇప్పుడు మీ హాలు సంగతి. ఆ హాలు వదిలేయండి. చిన్న గది చూడండి, కర్టెన్లు, దుప్పట్లు, పుస్తకాల బీరువాలు ఉన్న గది అయితే మరీ మంచిది. నున్నటి గోడలు మాటను తిరిగి కొడతాయి. ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మీద పడుతుంది. మామూలు చెవి దాన్ని సర్దుకుంటుంది, మన చెవి సర్దుకోలేదు. ఫ్యాన్లు ఆపండి. ఉక్కపోస్తే మధ్యలో ఆగి వేసుకోండి. కుర్చీలు దగ్గరికి జరపండి. దూరం సగం చేస్తే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఏ మిషనూ ఖర్చు లేకుండా ఇంత మేలు చేయదు. కిటికీకి ఎవరూ వీపు పెట్టకూడదు, వెలుతురు మాట్లాడే ముఖం మీద పడాలి.

మొదటి పది నిమిషాలు మేం కుర్చీలకే ఇస్తాం. "మీకు ఏ చెవి మేలు? ఎటు కూర్చుంటే బాగుంటుంది?" అని ప్రతి ఒక్కరినీ అడుగుతాం. కొత్తవాళ్ళు మొదట ఎక్కడైనా ఫర్వాలేదంటారు. ఫర్వాలేదనడం వాళ్ళకు అలవాటైపోయింది. మేం రెండోసారి అడుగుతాం. అప్పుడు చెబుతారు. తనకేం కావాలో ఒక మనిషి నోరు తెరిచి అడగడం ఆ కుర్చీ దగ్గరే మొదలవుతుంది, ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

ఎనిమిది మందికి మించకండి. మాట్లాడాలనుకున్నవాళ్ళు చెయ్యెత్తాలి, అందరి ముఖాలూ అటు తిరిగాకే మొదలుపెట్టాలి. ఇదొక్కటి పాటిస్తే సగం కష్టం తీరిపోతుంది. మన భాషలో ఇంకో చిక్కుంది. అసలు సంగతంతా వాక్యం చివర్లో ఉంటుంది. "వస్తాను", "రాను", "వస్తానేమో" తేల్చేది ఆ చివరి మాటే. మనవాళ్ళు సరిగ్గా అక్కడికొచ్చేసరికే గొంతు దించేస్తారు. అందుకే మా దగ్గర ఒక నియమం: చివరి మాట మింగకూడదు. పెదవులు చూసినా "పాట", "బాట", "మాట" మూడూ ఒకటే. అర్థం కానప్పుడు అదే మాట పదిసార్లు అరవకుండా వేరే మాటల్లో చెప్పమంటాం. "బడి" తెలియకపోతే "స్కూలు" అనండి. విషయం ఏమిటో ముందుగానే మెసేజ్‌లో పంపండి. ఏ దారిలో వెళ్తున్నారో తెలిస్తే మెదడు ఖాళీలు పూరించుకుంటుంది.

ఒక ఫోన్‌లో మాటను అక్షరాలుగా రాసే యాప్ నడపండి. గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్‌లో తెలుగు కూడా ఉంది. తప్పులు రాస్తుంది, పేర్లయితే మరీ. అయినా పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. ఫోన్ మాట్లాడేవాళ్ళ చేతిలో ఉండాలి, గది మధ్యలో కాదు. మీ మిషన్లలో టెలికాయిల్ (అయస్కాంత క్షేత్రాన్ని పట్టే చిన్న తీగచుట్ట) ఉందో లేదో కూడా కనుక్కోండి. ఉంటే గది చుట్టూ తీగ చుట్టి, తగిన ఆంప్లిఫయర్‌తో మైకు కలిపితే, మాట అయస్కాంత క్షేత్రంగా మారి నేరుగా మిషన్లోకి వస్తుంది. గదిలో ప్రతిధ్వని, రొద దాదాపు రావు. మా గదికి ఆ తీగ నేనే వేశాను. మొదటిసారి అది పెట్టిన రోజు ఒకావిడ చెవులు పట్టుకుని ఏడ్చింది, అందుకే చెబుతున్నాను.

గంటన్నర దాటొద్దు, మధ్యలో రెండుసార్లు ఆగండి. మనం వినడానికి పెట్టే శ్రమ చూపున్నవాళ్ళు మసక వెలుతురులో సన్నక్షరాలు చదివేలాంటిది. రెండు గంటలు కూర్చోబెట్టారంటే ఆ కుర్రాడు సగం నుంచే ఖాళీ అయిపోయి ఉంటాడు.

మిషన్లు అమ్ముకునేవాళ్ళను గ్రూపులోకి రానివ్వకండి. సలహా చెబుతామని వస్తారు. ఒకసారి రానిచ్చాం, ఇద్దరు మనుషులు మాకు దూరమయ్యారు.

చివరగా, మీరు కొత్తగా కనిపెట్టిన పిచ్చి పని కాదిది. 1979లో అమెరికాలో హోవర్డ్ స్టోన్ అనే ఆయన, తనకూ వినికిడి బాగా తక్కువే, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇలాంటివాళ్ళ కోసమే ఒక సంఘం మొదలుపెట్టాడు. సైగల భాష రానివాళ్ళు, అలాగని మామూలుగా వినలేనివాళ్ళు, రెంటికీ మధ్యలో ఉండిపోయిన మనుషులు ఒకరికొకరు తోడుండాలని. దాన్ని ఇప్పుడు హియరింగ్ లాస్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వినికిడికి సాయం అవసరమైనవాళ్ళు 43 కోట్లకు పైనే. ఇంతమందిమి ఉండీ ఒక్కొక్కరం ఒంటరిగా ఎందుకున్నామంటే, మన లోపం కళ్ళకు కనపడదు. కలిస్తేనే కనపడుతుంది.


ఎడమచెవి:

అక్కా, ఆ కుర్రాడి స్థానంలో నేనున్నాను కాబట్టి రాస్తున్నాను. నాకు 27. కుడి చెవికి చిన్నప్పటి నుంచే తక్కువ. ఎడమ చెవి మూడేళ్ళ క్రితం ఒక్క రాత్రిలో పోయింది. పడుకునేటప్పుడు ఉంది, లేచేసరికి లేదు. హోరు మాత్రం ఉంది. మొదట చూపించుకున్నచోట జలుబు వల్లే అన్నారు, చుక్కలు వేసుకోమన్నారు. మూడు వారాలు అవే వేసుకున్నాను. ఆ తర్వాత వేరే ఈఎన్‌టీ డాక్టరు చూసి, ఇది ఎమర్జెన్సీ, స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లోనే మొదలుపెట్టాల్సింది, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది అన్నారు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా వినికిడి ఒక్కసారిగా పడిపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, వినికిడి పరీక్ష చేయమని అడగండి. జలుబేమో అని ఆగకండి. ఈ మాట చెప్పే అవకాశం దొరికిన ప్రతిచోటా చెబుతాను.

ఇక మీ ప్రశ్న. పిలవండి. కానీ "రా బాబూ, బాగుంటుంది" అనొద్దు. మాకు ఆ మాట అందరూ చెబుతారు. ఏం తప్పు జరిగిందో రాయండి. గది తప్పు, వెలుతురు తప్పు, నా ముఖం కనపడలేదు, క్షమించు అని. ఆ తప్పు తనది కాదని వాడికి తెలియాలి. రెండు గంటలు కూర్చుని ఏమీ అర్థం కాకపోతే నా వయసువాడు తన చెవుల్నే తిట్టుకుంటాడు, గదిని కాదు.

ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టండి. వీలైతే ఏదైనా పని ఇవ్వండి. నేను మొదటిసారి ఒక గ్రూపుకి వెళ్ళినప్పుడు యాప్ నడుస్తున్న ఫోన్లు చూసుకోమన్నారు. ఎవరి చేతిలో ఉండాలి, ఎక్కడ ఆగిపోయింది, ఇవి చూస్తూ ఉండటంతో నేను వినలేనివాడినన్న సంగతే మర్చిపోయాను. మాట్లాడింది నాలుగో నెలలో. అప్పటిదాకా ఎవరూ "నువ్వేం చెబుతావు?" అని అడగలేదు. అడిగి ఉంటే మళ్ళీ వెళ్ళేవాణ్ణి కాదు.


ఇంట్లోమనిషి:

మేడం, నాకు బాగానే వినపడుతుంది. మా ఆవిడకు వినికిడి తక్కువ. మీరు రాసిన "ఏం లేదులే" అన్న మాట చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ మాట నేను రోజుకు నాలుగైదు సార్లు అంటాను. చిన్న విషయం మళ్ళీ చెప్పడం ఎందుకులే అని అంటాను తప్ప వేరే ఉద్దేశం లేదు. తను దాన్ని తలుపు వేసినట్టు తీసుకుంటుందని నాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడే వెళ్ళి అడిగాను. "అవును" అంది, అంతే.

వంటగదిలోంచి హాల్లోకి మాట్లాడేది కూడా నేనే. ఇకమీదట దగ్గరికి వెళ్ళే మాట్లాడతానని చెప్పాను. చేసి చూపించాలి.

ఒక్క సందేహం. మీ కలయికలకు ఇంట్లోవాళ్ళు రావొచ్చా? నాకూ నేర్చుకోవాలని ఉంది. తనకు మాత్రం నేను లేకుండా మాట్లాడుకునే చోటు ఒకటి కావాలేమో అని కూడా అనిపిస్తోంది.


పాతరేడియో:

ఇంట్లోమనిషి గారూ, మేం మూడు నెలలకోసారి ఇంట్లోవాళ్ళను పిలుస్తాం. మిగతా నెలలు మేమే. ఇంట్లోవాళ్ళు పక్కనుంటే మనవాళ్ళు ప్రతి మాటకీ వాళ్ళ వైపు తిరిగి చూస్తారు, వాళ్ళేమో మన బదులు జవాబు చెప్పేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. మీ ఆవిడను ముందు ఒంటరిగా వెళ్ళనివ్వండి.


చేతిమాట:

నేను పుట్టుకతోనే బధిరురాలిని. నా భాష సైగల భాష. మీ కష్టం చదివాక రాయాలనిపించింది.

మా దగ్గర ఎవరూ వరుసల్లో కూర్చోరు. గుండ్రంగానే కూర్చుంటాం, లేకపోతే చేతులు కనపడవు. ఎవరినైనా పిలవాలంటే భుజం తడతాం, దూరంగా ఉంటే చెయ్యి ఊపుతాం. అందరినీ ఒకేసారి పిలవాలంటే లైటు ఒకసారి ఆర్పి వేస్తాం. మాట్లాడేవాళ్ళను అందరూ చూస్తారు. చూడకపోతే అది అమర్యాద. ఈ పద్ధతులు మీరూ తీసుకోవచ్చు. దీనికి సైగల భాష రానక్కర్లేదు.

పెద్దయ్యాక వినికిడి తగ్గినవాళ్ళు మమ్మల్ని చూసి భయపడటం నేను గమనించాను. "నేను ఇంకా అక్కడిదాకా రాలేదు" అన్నట్టు చూస్తారు. మీరు పోగొట్టుకున్నదాని గురించి దుఃఖపడుతున్నారు, నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. ఈ తేడా నాకు తెలుసు, అందుకే ఏమీ అనుకోను. సైగల భాషకు తనదైన వ్యాకరణం ఉంది. అది రాత్రికి రాత్రి వచ్చేది కాదు. అయినా "నెమ్మదిగా", "మళ్ళీ", "ఆగు", "అర్థమైంది", "అర్థం కాలేదు" అనే ఐదు సైగలు మొదటి రోజే వచ్చేస్తాయి. మాటను మధ్యలో ఆపడానికి మీకు నోరు రాదు కదా. చెయ్యి వస్తుంది.


రాత్రిబండి:

పాతరేడియో గారూ, రోమకణాల సంగతి నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. మూడుసార్లు మిషన్ మార్చాను. ప్రతిసారీ నాదే ఏదో లోపమనుకున్నాను. నేను వెళ్ళిన చోట కూడా పెద్ద హాలే.


లెక్కలటీచర్:

అందరికీ థాంక్స్. రెండోసారి కలిశాం, మొన్న ఆదివారం. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత అనిపించింది.

హాలు వదిలేసి లైబ్రరీ గది తీసుకున్నాను. నాలుగు వైపులా పుస్తకాలే. ఫ్యాను ఆపాం. చెమటలు పట్టాయి, 20 నిమిషాలకోసారి ఆగాం. ఐదుగురం వచ్చాం. కుర్చీల దగ్గరే పావుగంట పట్టింది. అందరూ "ఎక్కడైనా ఫర్వాలేదు" అన్నారు, పాతరేడియో గారు చెప్పినట్టే రెండోసారి అడిగాను. ఒకావిడ లేచి కుర్చీని తనే గోడ వారకు జరుపుకుని, "వెనక శబ్దం ఉండకూడదు నాకు" అంది. ఆవిడ ఆరేళ్ళుగా ఎక్కడా ఈ మాట అనలేదట.

ఐదు సైగలు నేర్చుకున్నాం. "ఆగు" అన్నదే ఎక్కువసార్లు వాడాం. లైటు ఆర్పి వేసే పద్ధతి కూడా బాగా పనికొచ్చింది, ఎందుకంటే ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టడం ఇంకా పూర్తిగా పోలేదు. చివరి అరగంట నాకు ఏమీ ఎక్కలేదు. తల బరువెక్కి, మాట ముద్దగా అయిపోయింది. ఆ సంగతి పైకే చెప్పాను, పది నిమిషాలు అందరం ఊరికే కూర్చున్నాం. మాట్లాడకుండా ఐదుగురం ఒకచోట కూర్చుంటే ఎవరికీ ఇబ్బందిగా అనిపించలేదు.

ఎడమచెవి తమ్ముడూ, ఆ కుర్రాడికి నువ్వు చెప్పినట్టే మెసేజ్ పెట్టాను. నీడలో కూర్చున్నది నా తప్పని రాశాను. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు "ఫోన్లు నేను చూసుకుంటాను" అని ఒక్క వాక్యం వచ్చింది. వచ్చాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తనే మార్చాడు. నేను అతన్ని ఏమీ అడగలేదు.

మొదటిసారి 20 నిమిషాలు మాట్లాడిన పెద్దాయనను, అప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పమని అడిగాను. మాకెవరికీ వినపడలేదని ఒప్పుకున్నాను. ఆయన కాసేపు నా వైపు చూసి, ఫోన్ దగ్గరికి తీసుకున్నారు. అక్షరాలు ఒక్కొక్కటే వస్తుంటే చదివాం. ఆయన భార్య పోయి ఏడాదిన్నర. ముప్పై ఏళ్ళుగా బయటివాళ్ళ మాట ఏదైనా ఆవిడే తన వైపు తిరిగి, శబ్దం లేకుండా పెదవులతో మళ్ళీ చెప్పేదట. ఆవిడ పెదవులు తప్ప ఇంకెవరి పెదవులూ ఆయనకు చదవడం రాదు. ఆవిడ పోయిన రోజున, వచ్చినవాళ్ళు ఓదారుస్తూ ఏమన్నారో ఒక్క మాట కూడా ఆయనకు తెలియదు. చెప్పే మనిషే లేదు.

ఆ మాటలకే మేం ఆ రోజు నవ్వుతూ తలలూపాం.

ఎవరం ఏమీ అనలేదు. గోడ వారన కూర్చున్నావిడ లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. బయల్దేరేముందు ఆయన, ఫోన్‌లో వచ్చిందంతా ప్రింటు తీసి ఇస్తారా అని అడిగారు. తన మాటలు తనకు మళ్ళీ చదువుకోవాలని ఉందట. యాప్ చాలా తప్పులు రాసింది కాబట్టి కుర్రాడు ఆ పక్కనే కూర్చుని సరిచేయడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆగాడు. అక్కడ "ఆమె నాకు అన్నీ చెప్పలేదు" అని ఉంది. కాగితం మీద "చెప్పేదా, చెప్పలేదా?" అని రాసి ఆయన ముందుకు జరిపాడు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, పెన్ను తీసుకున్నారు. "చెప్పేది" అని రాసి, కింద రెండు గీతలు గీశారు.